నేనే అడ్మిన్ని, మళ్ళీ నన్నే పర్మిషన్ అడుగుతుందేంటి: ఒక పాత డిస్క్ కేసు

"అన్నా, ఈ సిస్టమ్‌కి అడ్మినిస్ట్రేటర్ని నేనే. మరి నా ఫైల్ పేరు నేను మార్చుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ కావాలని నన్నే అడుగుతోందేంటి?"

చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకోవడం నా పని, కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్తేమీ కాదు. మామూలుగా అయితే రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఫోన్ పెట్టేస్తాను. ఈసారి మాత్రం వెళ్ళి చూస్తే ఆ ఒక్క ప్రశ్న కింద నాలుగైదు వేరువేరు సంగతులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి, వాటిలో ఒకటి నేను కూడా ఒక రాత్రంతా పోగొట్టుకున్నాక గానీ చూడలేదు. అందుకే మొత్తం రాసి పెడుతున్నా.

నలుగురు పనిచేసే డిజైన్ ఆఫీసు. నడిపేది ఒక మేడమ్, కంప్యూటర్ల సంగతి కాస్త తెలిసిన కుర్రాడొకడు అక్కడే డిజైనర్‌గా ఉన్నాడు, పైన ఫోన్ చేసింది అతనే. వాళ్ళ ప్రధాన కంప్యూటర్‌కి మదర్‌బోర్డు పోయింది. డిస్క్ మాత్రం బాగానే ఉంది. కొత్త కంప్యూటర్ కొని, విండోస్ 11 వేసి, పాత డిస్క్‌ని అందులో రెండో డిస్క్‌గా తగిలించారు. పాత కంప్యూటర్లో సి డ్రైవ్‌గా ఉన్నది ఇక్కడ డి డ్రైవ్‌గా కనిపిస్తోంది. యూజర్ పేరు కూడా పాతదే పెట్టుకున్నారు, పాస్‌వర్డ్ కూడా అదే. పేరు అదే, పాస్‌వర్డ్ అదే, డిస్క్ అదే అయినప్పుడు విండోస్‌కి ఇంకేం కావాలి అన్నది వాళ్ళ లెక్క.

నేను వెళ్ళేసరికి రెండు రోజులైంది. ఆ రెండు రోజుల్లో కుర్రాడు ఊరికే కూర్చోలేదు. యూఏసీ (ఏ ప్రోగ్రామైనా అడ్మిన్ అధికారం కోరితే ముందు మనల్ని అడిగే విండోస్ కాపలా) సెట్టింగ్స్‌లో ఉండే బార్‌ని అట్టడుక్కి లాగేశాడు. రైట్ క్లిక్ మెనూలో "టేక్ ఓనర్‌షిప్" అని వచ్చేలా ఒక రిజిస్ట్రీ ఫైల్ (విండోస్ లోపలి సెట్టింగులు మార్చేది) ఎక్కడి నుంచో తెచ్చి కలిపాడు, అదృష్టం కొద్దీ దాన్ని ఒక్క ఫోల్డర్ మీదే వాడాడు. ఇక కనిపించిన ప్రతి కంటిన్యూ బటన్‌నూ నొక్కుకుంటూ పోయాడు. అయినా పర్మిషన్ అడిగే బాక్సులు, అంటే ప్రాంప్ట్‌లు, ఆగలేదు. పైగా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరుచుకుంటుంది గానీ సేవ్ కొడితే యాక్సెస్ డినైడ్ అంటుంది. మేడమ్ టెన్షన్ అంతా దాని గురించే, ఎందుకంటే గంట పని చేశాక సేవ్ కాకపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

నేను ముందు ఏదీ సరిచేయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏది అడుగుతోందో చూపించు తమ్ముడూ" అన్నాను. డి డ్రైవ్‌లో ఆర్కైవ్ అనే ఫోల్డర్ తెరిచాడు. అందులో పక్కపక్కనే రెండు బ్రోచర్ ఫైళ్ళు, 14, 15 అని నంబర్లతో. 14 మీద ఎఫ్2 నొక్కి పేరు మారిస్తే కిక్కురుమనకుండా మారింది. 15 మీద అదే చేస్తే డాలు గుర్తున్న కంటిన్యూ బాక్స్ వచ్చింది. ఒకే ఫోల్డర్, ఒకే రకం ఫైల్, ఇంచుమించు ఒకే తేదీ.

ఈ తేడా చూడగానే నాకు సగం ఊపిరి వచ్చింది, నిజం చెప్పాలంటే. అన్నీ అడిగితే కారణం ఎక్కడైనా ఉండొచ్చు. ఒకటి అడిగి పక్కది అడగలేదంటే కారణం ఆ రెండు ఫైళ్ళ మధ్య తేడాలోనే ఉండాలి.

దానికంటే ముందు కుర్రాడి ప్రశ్నకు జవాబు చూపించాలి కదా. కమాండ్ ప్రాంప్ట్ మామూలుగా తెరిచి, లాగిన్ అయినది ఎవరో చెప్పే హూయామ్‌ఐ కమాండ్‌కి గ్రూప్స్ స్విచ్ (కమాండ్ చివర చేర్చే ఆప్షన్) పెట్టి కొట్టించాను. లిస్ట్‌లో అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్ పేరు ఉంది, కానీ దాని పక్కన "డినై కోసం మాత్రమే వాడే గ్రూప్" అని ఉంది, చివర్లో మీడియం లెవెల్ అని ఉంది. తర్వాత అదే కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి మళ్ళీ అదే కొట్టమన్నాను. ఈసారి అదే గ్రూప్ పక్కన ఎనేబుల్డ్ అని, కింద హై లెవెల్ అని వచ్చింది. రెండు కిటికీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "అంటే నేను లాగిన్ అయినప్పుడు సగం అడ్మిన్నేనా?" అన్నాడు. దగ్గర దగ్గర అంతే.

విండోస్ విస్టా నుంచి, అంటే 2007 ప్రాంతం నుంచి, అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయితే విండోస్ రెండు టోకెన్లు, అంటే మీరెవరో, మీకేం అధికారం ఉందో చెప్పే గుర్తింపు కార్డుల్లాంటివి, తయారు చేస్తుంది. ఒకటి పూర్తి అధికారం ఉన్నది, ఇంకోటి కత్తిరించినది. డెస్క్‌టాప్, ఎక్స్‌ప్లోరర్, మీరు డబుల్ క్లిక్ చేసి తెరిచే ప్రోగ్రాములు అన్నీ కత్తిరించిన దానితోనే నడుస్తాయి. కత్తిరించిన దాంట్లో అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్ పేరు ఉన్నా, దాని వల్ల "వద్దు" అన్న నియమాలే వర్తిస్తాయి గానీ "సరే" అన్న నియమాలు వర్తించవు. కాబట్టి ఒక ఫైల్ మీద అడ్మినిస్ట్రేటర్స్‌కి పూర్తి హక్కు అని రాసి ఉండి, మీ సొంత పేరు మీద ఏమీ రాసి లేకపోతే, మామూలు టోకెన్‌కి ఆ ఫైల్ పరాయిదే. ఎక్స్‌ప్లోరర్ పూర్తి టోకెన్ తెచ్చుకోవడానికి మిమ్మల్ని అడుగుతుంది, కంటిన్యూ బాక్స్ అదే. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి అలా అడిగే తెలివి లేదు. ప్రయత్నిస్తుంది, కుదరకపోతే యాక్సెస్ డినైడ్ అని చేతులెత్తేస్తుంది. సేవ్ కాకపోవడానికీ ప్రాంప్ట్ రావడానికీ కారణం ఒక్కటే, బయటికి కనిపించే తీరే వేరు.

ఇప్పుడు ఆ రెండు ఫైళ్ళ దగ్గరికి వద్దాం. ఫైల్ మీద ఎవరికి ఏ హక్కు ఉందో చూడటానికి సెక్యూరిటీ ట్యాబ్ ఉంది గానీ, నాకు ఐకాకల్స్ కమాండే ఇష్టం, ఒక్క చూపులో మొత్తం కనపడుతుంది. 14 మీద కొడితే నాలుగు వరుసలు: అడ్మినిస్ట్రేటర్స్ పూర్తి హక్కు, సిస్టమ్ (అంటే విండోస్ తనే) పూర్తి హక్కు, యూజర్స్ చదివే హక్కు, ఆథెంటికేటెడ్ యూజర్స్ (తమ అకౌంట్‌తో లాగిన్ అయిన అందరూ) మోడిఫై, అంటే మార్చే, తీసేసే హక్కు. 15 మీద కొడితే మూడే: సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్, ఇంకా ఎస్-1-5-21 అని మొదలై మధ్యలో మూడు పెద్ద పెద్ద సంఖ్యలతో 1001 అని ముగిసే ఒక చాంతాడంత నంబరు.

ఆ నంబరే పాత యూజర్. విండోస్‌కి మన పేర్లతో పని లేదు, ఫైల్ మీద రాసుకునేది ఈ నంబరునే, దాన్ని సిడ్ అంటారు. కొత్త కంప్యూటర్‌లో ఇప్పటి యూజర్ సిడ్ ఎంతో చూపించాను. దాని చివర కూడా 1001 ఉంది, మధ్యలో ఉన్న మూడు సంఖ్యలు మాత్రం పూర్తిగా వేరు. ఆ మూడూ విండోస్ ఇన్‌స్టాల్ అయినప్పుడు ఆ మెషీన్‌కి పుట్టినవి. అంటే పేరూ పాస్‌వర్డూ ఒకటే పెట్టినా విండోస్ దృష్టిలో వీళ్ళిద్దరూ వేరువేరు మనుషులు, పాత మనిషి ఈ ఊళ్ళోనే లేడు. ఆథెంటికేటెడ్ యూజర్స్ లాంటి గ్రూపుల సిడ్ మాత్రం (ఎస్-1-5-11) ప్రపంచంలో ఏ విండోస్‌లోనైనా అదే. 14 ఎందుకు నోరెత్తలేదో అర్థమైంది కదా.

మరి ఒకే ఫోల్డర్లో రెండు రకాలెందుకు? ఇక్కడ 15వ ఫైల్ లిస్ట్‌లో ఒక వింత ఉంది. ఆ మూడు వరుసల్లోనూ బ్రాకెట్లో ఐ అనే అక్షరం ఉంది. పై ఫోల్డర్ నుంచి వారసత్వంగా వచ్చిన హక్కు అని దాని అర్థం. కానీ పై ఫోల్డర్ అయిన ఆర్కైవ్ మీద కొట్టి చూస్తే ఆ చాంతాడు నంబరు అక్కడ లేనే లేదు! లేని తండ్రి ఆస్తిని కొడుకు పట్టుకుని కూర్చున్నట్టుంది. "ఈ ఫైల్ మొదట ఎక్కడ పుట్టింది?" అని అడిగాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, పాత కంప్యూటర్‌లో తను రాసుకున్న బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరుసగా రాసి పెట్టిన ఫైల్) ఒకటి ఉండేదని, పని పూర్తయిన ఫైళ్ళను రోజూ సాయంత్రం డెస్క్‌టాప్ నుంచి ఆర్కైవ్‌లోకి మూవ్ కమాండ్‌తో తోసేసేదని చెప్పాడు.

అదీ సంగతి. డెస్క్‌టాప్ అంటే యూజర్ ప్రొఫైల్‌లో, అంటే ఒక్కో యూజర్‌కి విండోస్ విడిగా ఇచ్చే చోట, ఉండే ఫోల్డర్. ప్రొఫైల్ మీద హక్కులు సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్, ఆ యూజర్, ఈ ముగ్గురికే. సి డ్రైవ్ మొదట్లో నేరుగా తయారు చేసుకున్న ఆర్కైవ్ లాంటి ఫోల్డర్లకు ఆథెంటికేటెడ్ యూజర్స్ మోడిఫై హక్కు దానంతటదే వస్తుంది. ఒకే డ్రైవ్‌లో మూవ్ కొడితే డేటా కదలదు, ఫైల్ ఫలానా ఫోల్డర్లో ఉంది అన్న నమోదు మాత్రమే మారుతుంది, హక్కుల జాబితా ఫైల్‌తోపాటే వెళ్ళిపోతుంది. కాపీ కొడితే అక్కడ కొత్త ఫైల్ పుడుతుంది కాబట్టి ఆ ఫోల్డర్ హక్కులే దానికి వస్తాయి. పాత కంప్యూటర్లో ఈ తేడా ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే అక్కడ ఆ యూజర్ బతికే ఉన్నాడు. డిస్క్ ఇల్లు మారాక బయటపడింది.

కుర్రాడు చేసిన మూడు పనుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను వెళ్ళే చోట్లలో సగం వాటిలో ఇవే కనిపిస్తాయి.

యూఏసీ బార్ కిందకి లాగడం వల్ల ఈ సమస్యలో వెంట్రుకవాసి మార్పు కూడా రాదు. కంటిన్యూ బాక్స్ ఎక్స్‌ప్లోరర్ సొంతం, బార్ దించినా అది వస్తూనే ఉంటుంది. విండోస్ 8 నుంచి ఆ బార్ అడుక్కి చేరినా టోకెన్ కత్తిరించడం ఆగదు, కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో సేవ్ కూడా కాదు. మారేదల్లా ఒక్కటే: పూర్తి అధికారం కావాలని ఏ ప్రోగ్రామ్ అడిగినా మిమ్మల్ని అడగకుండానే ఇచ్చేస్తుంది. అంటే మనకు కావాల్సిన తలుపు తెరుచుకోలేదు, వీధి తలుపు మాత్రం బార్లా తెరిచి పెట్టాం. ముందు దాన్ని తిరిగి పైకి జరిపాను.

కంటిన్యూ నొక్కుడు గురించి చాలామందికి తెలియదు. తెరవడానికి హక్కు లేని ఫోల్డర్ మీద వచ్చే బాక్స్‌లో "శాశ్వతంగా" అన్న మాట ఉంటుంది, ఎవరూ చదవరు. అది నొక్కితే మీ యూజర్ పేరు ఆ ఫోల్డర్ మీదా, దాని లోపల ఉన్నవాటన్నిటి మీదా చేరిపోతుంది, అదీ చదివే హక్కుతో. అందుకే ఫోల్డర్ తెరుచుకుంటుంది, డిలీట్ కొడితే మళ్ళీ అడుగుతుంది. రేపు ఆ యూజర్‌ని అడ్మిన్ గ్రూప్ నుంచి తీసేసినా ఈ రాతలు పోవు. డి డ్రైవ్‌లో రెండు రోజుల నొక్కుడికి గుర్తుగా చెట్టు కొమ్మకొమ్మకీ ఈ రాతలు వేలాడుతున్నాయి.

మూడోది టేక్ ఓనర్‌షిప్. గోటితో పోయేదానికి గొడ్డలి. ఓనర్ అయినంత మాత్రాన రాసే హక్కు రాదు, హక్కులు మార్చే హక్కు వస్తుంది, అంతే. ఆ మెనూ వెనకాల ఉండే స్క్రిప్టు ఓనర్‌ని మార్చి వెంటనే పూర్తి హక్కు రాసేస్తుంది కాబట్టి "పనిచేసింది" అనిపిస్తుంది. దాన్ని సి డ్రైవ్ మీదో, విండోస్ ఫోల్డర్ మీదో నొక్కినవాళ్ళ కంప్యూటర్లు కూడా నేను చూశాను. అక్కడ ఫైళ్ళ ఓనర్ ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సర్వీస్ అయి ఉండటానికి కారణం ఉంది, అడ్మిన్ కూడా పొరపాటున చెరపకుండా కాపలా. మెనూ తీసేయించాను.

ఇక అసలు పని. ఆర్కైవ్ చాలా పెద్దది, కొత్త డిస్క్‌లో దానికి చోటు చాలదు, అది పాత డిస్క్‌లోనే ఉండాలి. పాత ప్రొఫైల్‌లోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మాత్రం కొత్త డిస్క్‌కి రావాలి. నేను తీసుకున్న నిర్ణయం: ఆర్కైవ్‌ని ఉన్నచోటే సరిచేయడం, పాత ప్రొఫైల్‌ని అసలు ముట్టుకోకుండా అందులోంచి కాపీ తీసుకోవడం. ఈ రెండో దాని వల్ల తర్వాత ఎంత మేలు జరిగిందో చెప్తాను.

ముందు బ్యాకప్. ఆఫీసులో నెట్‌వర్క్ స్టోరేజ్ ఉంది, జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకున్నారు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో జెడ్ అని కొడితే అలాంటి డ్రైవే లేదంది. కుర్రాడు కంగారుపడ్డాడు, ఎక్స్‌ప్లోరర్‌లో నిక్షేపంగా కనపడుతోంది మరి. ఇదీ ఆ రెండు టోకెన్ల మహిమే, మామూలు టోకెన్‌తో మ్యాప్ చేసిన డ్రైవ్ పూర్తి టోకెన్ ఉన్న కిటికీకి కనపడదు. అదే కిటికీలో నెట్ యూజ్ కమాండ్‌తో మళ్ళీ మ్యాప్ చేసుకుంటే సరిపోయింది. రిజిస్ట్రీలో రెండింటినీ కలిపే సెట్టింగ్ ఒకటుంది గానీ ఒక్క పూట పనికి అది అక్కర్లేదు.

తర్వాత ఆర్కైవ్ మీద ఉన్న హక్కులన్నిటినీ ఐకాకల్స్ సేవ్ స్విచ్‌తో ఒక ఫైల్‌లోకి దించి పెట్టుకున్నాను. ఏదైనా తేడా కొడితే రిస్టోర్ స్విచ్‌తో వెనక్కి పోవచ్చు. ఒక మెలిక ఉంది, రిస్టోర్ చేసేటప్పుడు ఆర్కైవ్ పేరు ఇవ్వకూడదు, దాని పై స్థానం, అంటే డి డ్రైవ్ మొదలు ఇవ్వాలి, ఎందుకంటే సేవ్ అయిన ఫైల్లో పేర్లు ఆర్కైవ్ నుంచే మొదలవుతాయి. ఇది తెలియక ఒకసారి నేను అరగంట తల పట్టుకున్నాను.

ఆ పైన ఆర్కైవ్ లోపలి వాటన్నిటి మీద ఐకాకల్స్ రీసెట్, లోపలి ఫోల్డర్లకు కూడా వర్తించే టి స్విచ్, తప్పు వచ్చినా ఆగకుండా ముందుకెళ్ళే సి స్విచ్. రీసెట్ అంటే ఫైల్ మీద విడిగా రాసిన రాతలన్నీ చెరిపేసి, పై ఫోల్డర్ నుంచి ఏం రావాలో అవే రానివ్వడం. పాత సిడ్‌లు, కంటిన్యూ నొక్కినప్పుడు అంటుకున్న రాతలు, అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. ఓనర్ ఇంకా పాత చాంతాడు నంబరే. దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు, లేని మనిషి ఓనర్‌గా ఉన్నందువల్ల పనికి అడ్డమేమీ లేదు. 15వ బ్రోచర్ మీద ఎఫ్2 నొక్కమన్నాను. మారింది, ఏ బాక్సూ లేదు. కుర్రాడు దాన్ని మూడుసార్లు మార్చి మార్చి చూసుకున్నాడు.

చివర్లో ఒక్క ఫోల్డర్ మాత్రం విఫలమైందని లెక్క చూపించింది. మేడమ్ సొంత ఫోల్డర్. ఎప్పుడో తను ఒక్కరే చూడాలని అందులోంచి అడ్మినిస్ట్రేటర్స్‌తో సహా అందరినీ తీసేశారు. ఇక్కడే, ఈ ఒక్క చోటే, టేక్‌ఓన్ కమాండ్ వాడాల్సి వచ్చింది, అదీ ఓనర్‌షిప్ నా పేరు మీదకు కాకుండా అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్ మీదకు వెళ్ళేలా చేసే "ఏ" అనే ఇంగ్లీషు అక్షరం స్విచ్‌తో. వాడేముందు మేడమ్‌ని అడిగాను. "అంటే ఇన్నాళ్ళూ ఎవరైనా ఇలా తెరవగలిగేవాళ్ళేనా?" అన్నారామె. అడ్మిన్ అధికారం ఉన్నవాళ్ళెవరైనా తెరవగలరు మేడమ్ అని చెప్పక తప్పలేదు. డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించినవాళ్ళు కూడా.

సాయంత్రమైంది. పాత ప్రొఫైల్‌ని కొత్త డిస్క్‌లోకి తీసుకురావడానికి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ మొదలుపెట్టాను. హక్కులు కాపీ చేయొద్దు, డేటా, అట్రిబ్యూట్లు, తేదీలు చాలు, అది ఎలాగూ దాని మామూలు పద్ధతే. బ్యాకప్ మోడ్ కోసం బి స్విచ్, అప్పుడు హక్కుల జాబితాతో సంబంధం లేకుండా చదవగలదు. ఇంకా ఎక్స్‌జె స్విచ్.

ఈ ఎక్స్‌జె గురించి కాస్త ఆగి చెప్పాలి. యూజర్ ప్రొఫైల్‌లో అప్లికేషన్ డేటా, డాక్యుమెంట్స్ లోపల మై మ్యూజిక్, మై పిక్చర్స్ అని కొన్ని ఉత్తుత్తి ఫోల్డర్లు ఉంటాయి, జంక్షన్లు అంటారు. పాత ప్రోగ్రాముల కోసం పెట్టిన దారి మళ్ళింపులు అవి. డిర్ కమాండ్‌కి ఏఎల్ స్విచ్ పెట్టి చూస్తే ఒక్కొక్కటి ఎక్కడికి పోతుందో పక్కనే కనిపిస్తుంది. డి డ్రైవ్‌లోని పాత డాక్యుమెంట్స్ మీద అలా చూస్తే, మై పిక్చర్స్ పక్కన ఉన్న చిరునామా సి డ్రైవ్‌లోని యూజర్స్, ఆ కింద అదే యూజర్ పేరు, ఆ కింద పిక్చర్స్. అది పాత కంప్యూటర్ సి డ్రైవ్‌ని ఉద్దేశించి రాసింది. కానీ ఇక్కడ సి డ్రైవ్ అంటే కొత్త విండోస్! పైగా యూజర్ పేరు కూడా అదే పెట్టారు. అంటే పాత డిస్క్‌లోని ఆ తలుపు తీస్తే కొత్త ఇంట్లో తేలతాం. మొత్తం పాత ప్రొఫైల్ మీద కళ్ళు మూసుకుని టేక్‌ఓన్‌లూ రీసెట్‌లూ నడిపించడానికి నాకు భయం అందుకే. రోబోకాపీకి ఎక్స్‌జె పెడితే ఈ తలుపుల జోలికి పోదు.

పని నడుస్తుండగా ఇంటికి వెళ్ళిపోయాను. ఇక్కడ నా తప్పు. పొద్దున్న వచ్చి చూస్తే రాత్రి నుంచి ఒక్క ఫైల్ దగ్గరే ఆగి ఉంది. ఎర్రర్ 5, యాక్సెస్ డినైడ్, 30 సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నం. రోబోకాపీ మామూలు లెక్క ఏమిటంటే, ఒక ఫైల్ కుదరకపోతే 30 సెకన్ల చొప్పున ఆగుతూ 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్క కడితే దాదాపు 347 రోజులు. ఆర్ స్విచ్‌తో ఒకసారి, డబ్ల్యూ స్విచ్‌తో ఒక సెకను అని పెట్టాల్సింది, ఎప్పుడూ పెట్టేవాణ్ణే, ఆ సాయంత్రం తొందరలో మర్చిపోయాను.

పెట్టి మళ్ళీ నడిపితే ఒక చిన్న ఫోల్డర్‌లోని ఫైళ్ళు తప్ప మిగతావన్నీ వచ్చేశాయి. బ్యాకప్ మోడ్‌లో కూడా యాక్సెస్ డినైడ్ అంటే అది హక్కుల గొడవ కాదు. ఆ ఫోల్డర్ ఐకాన్ల మీద చిన్న తాళం బొమ్మ ఉంది. సైఫర్ కమాండ్‌కి సి స్విచ్ పెట్టి చూస్తే ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, విప్పగలిగింది పాత యూజర్ సర్టిఫికెట్ ఒక్కటే. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే "డేటాని భద్రపరచడానికి ఎన్‌క్రిప్ట్ చేయి" అని ఒక టిక్ ఉంటుంది, విండోస్ ప్రో ఎడిషన్‌లో పనిచేస్తుంది, హోమ్‌లో పనిచేయదు. ఎప్పుడో ఎవరో మంచిదని టిక్ పెట్టి మర్చిపోయారు. ఆ తాళానికి ఓనర్‌షిప్‌తో పనిలేదు. తాళంచెవి పాత ప్రొఫైల్‌లోనే ఉంటుంది, ఆ తాళంచెవిని కాపాడేది పాత యూజర్ పాస్‌వర్డ్.

పాత ప్రొఫైల్‌ని ముట్టుకోకుండా వదిలేసినందుకు ఇక్కడ పనికొచ్చింది. డిస్క్ తీసి, వాళ్ళ దగ్గరే ఉన్న పాత రకం ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, దాని నుంచే బూట్ చేశాం. డ్రైవర్లు అవే సర్దుకుంటూ రెండుసార్లు రీస్టార్ట్ అయి పాత విండోస్ లేచింది. పాత పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే ఆ ఫైళ్ళు మామూలుగా తెరుచుకున్నాయి, టిక్ తీసేశాం, అయిపోయింది. పాస్‌వర్డ్ మర్చిపోయి ఏదో టూల్‌తో రీసెట్ చేసి ఉంటే మాత్రం లాగిన్ అయ్యేవాళ్ళం గానీ ఆ ఫైళ్ళు తెరుచుకునేవి కావు. కుర్రాడికి ఆ టూల్స్ గురించి కూడా తెలుసని తర్వాత తెలిసింది.

చివరికి అకౌంట్ల సంగతి. రోజూ పనిచేసే అకౌంట్‌ని స్టాండర్డ్‌గా మార్చి, అడ్మిన్‌కి వేరే అకౌంట్ పెడదాం అన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. "ఇంతసేపూ ఆ బాక్స్ రాకూడదనే కదా అండీ మిమ్మల్ని పిలిచింది. ఇప్పుడు పాస్‌వర్డ్ కూడా అడుగుతుందంటున్నారు." వాదించలేదు. ఒక వారం చూద్దాం మేడమ్, ఎప్పుడు అడిగినా ఏ పని చేస్తుంటే అడిగిందో కాగితం మీద రాయండి, విసుగొస్తే పాత పద్ధతికే మార్చేస్తాను అన్నాను. పని ఫైళ్ళన్నీ ఇప్పుడు ఆథెంటికేటెడ్ యూజర్స్ హక్కు ఉన్న ఫోల్డర్లలోనే ఉన్నాయి కాబట్టి పేరు మార్చినా, తీసేసినా, సేవ్ చేసినా అడగడానికి కారణమే లేదని నాకు తెలుసు.

వారం తర్వాత ఫోన్‌లో కాగితం చదివి వినిపించారు. మూడు వరుసలు. ప్రింటర్ డ్రైవర్ ఒకటి, డిజైన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి. మూడోది ఒక ఫాంట్ ప్యాక్, పసుపు రంగు బాక్స్ వచ్చిందట, పబ్లిషర్ ఎవరో తెలియదని. ఫాంట్ల ఫైల్ జిప్‌లో రావాలి గానీ ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాములా ఎందుకు వచ్చిందో కుర్రాడికే అనుమానమొచ్చి నో కొట్టాడట. ఆ ఫైల్‌ని డౌన్‌లోడ్స్‌లోంచి తీసేయమని చెప్పాను. తీసేశాడో, లేక ఎప్పుడైనా పనికొస్తుందని ఆర్కైవ్‌లోకి మూవ్ చేశాడో, ఈసారి వెళ్ళినప్పుడు చూడాలి.